జంపన్న వాగు ఒడ్డున కొండాయి

మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో పూనుగొండ్ల అనే పల్లె ఉంది. అది పగిడిద్దరాజు ఊరు. రెండేళ్లకోసారి మాఘమాసంలో పెనక వంశపు పూజారులు ఆయన్ని పెళ్లికొడుకును చేసి అడవి దారిన కాలినడకన మేడారం జాతరకు తీసుకెళ్తారు. ఆ వేళకే ములుగు జిల్లా ఏటూరునాగారం మండలంలోని కొండాయి నుంచి గోవిందరాజు బయల్దేరతాడు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. పగిడిద్దరాజు సమ్మక్క భర్త, గోవిందరాజు ఆమె బిడ్డ సారలమ్మ భర్త. మామ ఊరు గంగారం అడవుల్లో ఉంటే అల్లుడి ఊరు జంపన్న వాగు ఒడ్డున ఉంది.

మేడారం గాథను యుద్ధంతో మొదలుపెట్టి చెప్పడం మనకు అలవాటైంది. నిజానికి అది కరువుతో మొదలవుతుంది. వానలు లేవు, పంటలు పోయాయి, ఈ యేడు కప్పం కట్టలేమని మేడారం ఏలుతున్న పగిడిద్దరాజు ఓరుగల్లుకు మొరపెట్టుకున్నాడు. ప్రతాపరుద్రుడు వినలేదు. దండు వచ్చింది. పగిడిద్దరాజు పడ్డాడు, సారలమ్మ పడింది, సమ్మక్క మరో బిడ్డ నాగులమ్మ పడింది, గోవిందరాజు పడ్డాడు. ఆ ఓటమిని కళ్లతో చూడలేక సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు. నీళ్లు ఎర్రబడ్డాయంటారు. నాటి నుంచి అది జంపన్న వాగు అయింది. ఆపద వచ్చిన యేడు పైనున్నవాడు చేయి అందించకపోతే ఊళ్లు ఎలా కూలిపోతాయో చెప్పే గాథ అది. ఏడు వందల ఏళ్లుగా కోటిమంది నోట నిలిచిందంటే అందులోని బాధ ఇంకా తీరలేదనే నాకు అనిపిస్తుంది.

ఆ వాగు మేడారం దాటి, అడవిలో వంకలు తిరిగి, గోదావరిలో కలవబోయే ముందు కొండాయి పక్కగా పోతుంది. బావ ఊరిని ఆనుకుని బామ్మర్ది పేరు పెట్టుకున్న వాగు. కోయలు, ముస్లింలు, ఇతర కులాలవాళ్లు కలిసి బతికే చిన్న ఊరు. ఇంటికి నీళ్లూ పశువులకు గడ్డీ పొలానికి తేమా అన్నీ ఆ వాగే ఇచ్చింది. వాగు ఒడ్డున ఊరు ఎందుకు కట్టుకున్నారని పట్నం మనుషులు సులువుగా అడిగేస్తారు. బోరు లేని కాలంలో వాగు ఒడ్డున కాక ఎక్కడ కట్టుకుంటారు? వాగు పక్కన బతకడం తప్పు కాదు. వాగు దగ్గరికి జరుగుతోందని తెలిసిన రోజు ఎత్తయిన నేల ఎక్కడా దొరకకపోవడం, అదీ తప్పు. ఆ తప్పు ఊరివాళ్లది కాదు.

2023 జులై ఆఖరి వారంలో ముసురు విడవకుండా పట్టింది. 26వ తేదీ బుధవారం రాత్రి అది ముసురు కాకుండా పోయింది. తెల్లవారేసరికి ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో అంతకు ముందెప్పుడూ ఒక్క రోజులో అంత వాన కొలిచిన దాఖలా లేదు. దానికి ముందరి రికార్డు 2013 జులైలో వాజేడులో కురిసిన 517.5 మిల్లీమీటర్లు. భూపాలపల్లి జిల్లా చిట్యాలలోనూ ఆ రాత్రే 616.5 పడింది. ఏడాదిలో పడాల్సిన వానలో దాదాపు సగం ఒక్క రాత్రిలో దిగింది. గుట్టల మీద పడ్డ చుక్క ఇంకేందుకు సందు లేదు. చెరువుల మత్తళ్లు దుంకాయి, కొన్నిచోట్ల కట్టలు తెగాయి, వాగులన్నీ ఒక్కసారి లేచాయి. గోదావరి కూడా అప్పటికే పోటెత్తి ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ వారంలో మూడోది కూడా దాటింది. పెద్ద ఏరు నిండుగా ఉన్నప్పుడు చిన్న వాగు నీళ్లు అందులోకి దిగవు, వెనక్కి తంతాయి. కొండాయికి ముందు నుంచి వాగు, వెనక నుంచి గోదావరి ఎదురు పోటు.

27వ తేదీ గురువారం వాగు గట్టు దాటి ఊళ్లోకి వచ్చింది. దొడ్ల నుంచి కొండాయికి వచ్చే వంతెన కొట్టుకుపోయింది. ఊరికి ఉన్న దారి అదే. నడుములోతు నీళ్లలో, ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఎత్తయిన చోటికి వెళ్దామని బయల్దేరినవాళ్లలో ఎనిమిది మంది ప్రవాహంలో పోయారు. మిగిలినవాళ్లు డాబాల మీద, చెట్ల మీద తలదాచుకున్నారు. కరెంటు లేదు, ఫోను మోగదు, తిండి లేదు. ములుగు ఎమ్మెల్యే సీతక్క కొండాయికి హెలికాప్టర్ పంపమని ప్రభుత్వాన్ని పదేపదే వేడుకోవడం రాష్ట్రమంతా విన్నది. జాతీయ విపత్తు దళం పడవలు చేరేసరికి పోవాల్సిన ప్రాణాలు పోయాయి. మరునాడు శవాలు తేలాయి. ఇంకో రోజు గడిస్తే మొహర్రం. పీరీలు లేవాల్సిన పొద్దున చాలా పల్లెల్లో బురద ఎత్తుకుంటూ ఉన్నారు.

ఆ తెల్లవారుజామునే భూపాలపల్లి పక్కన మోరంచపల్లి కూడా మునిగింది. జనం నిద్రలో ఉండగానే మోరంచవాగు ఇళ్లలోకి దూరింది. నలుగురు కొట్టుకుపోయారు. పలుపు విప్పే వేళ లేక పశువులు కట్టుగొయ్యల దగ్గరే చచ్చాయి. పాలిచ్చే బర్రె చచ్చిన ఇంట్లో ఏడుపు మనిషి పోయిన ఇంటి ఏడుపుకు ఏమంత తక్కువ ఉండదు. పల్లె తెలిసినవాళ్లకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ పత్రికల్లో వచ్చిందే. విషాదం మాత్రం అక్కడ ఆగలేదు. నీళ్లు తీశాక మొదలైన రెండో భాగం ఒకటి ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా రాయలేదు.

వరద వచ్చేటప్పుడు ఒడ్డు కూలడం తక్కువ. నిండుగా ఉన్న నీళ్లు ఒడ్డును తోసిపట్టి ఉంచుతాయి. వరద తీసేటప్పుడు, కడుపునిండా నీళ్లు తాగి బరువెక్కిన మట్టికి ముందువైపు ఆ ఆసరా పోతుంది. అప్పుడు మొదలవుతుంది. ఒడ్డుకు రెండు మూరల ఇవతల నేల మీద వెంట్రుకవాసి బీట కనిపిస్తుంది. మరునాటికి అందులో వేలు పడుతుంది. అడుగున ఉన్న ఇసుక పొరను నీళ్లు నాకేసి ఉంటాయి, పైనున్న ఒండ్రు మట్టి చూరులా గాలిలో వేలాడుతూ ఉంటుంది. దాని మీద పచ్చగడ్డి మొలిచే ఉంటుంది, మేక వచ్చి మేస్తూనే ఉంటుంది. ఒక మధ్యాహ్నం, ఎండ కాస్తుండగా, గాలీ వానా ఏమీ లేకుండా, ఆ ముక్క విరిగి కిందికి దిగుతుంది. నీళ్లు కాసేపు ఎర్రబడతాయి. ఏరు వంపు తిరిగే చోట బయటి ఒడ్డున ఇది ప్రతి యేడూ జరుగుతుంది. దిగువన ఇసుక తోడేస్తే ఏరు అడుగు లోతై, ఒడ్డు మరింత నిటారుగా నిలబడి, ఇంకా త్వరగా జరుగుతుంది. ఏరు ఈ యేడు జర ఇటు జరిగింది అని ఒడ్డు పల్లెల్లో పెద్దవాళ్లు అంటారు. వాళ్ల కొలత వేపచెట్టు, సమాధి, పెరడు. వేపచెట్టు పోయిందంటే ఇక పెరడు. పెరడు పోయిందంటే వంటిల్లు.

ములుగు జిల్లాలోనే గోదావరి ఒడ్డున మంగపేట ఉంది. అక్కడా, పక్కనున్న పొదుమూరు దగ్గరా గోదావరి ఏళ్ల తరబడి ఒడ్డును కోస్తోంది. కరకట్ట కట్టండి, రాతికట్టు వేయండి అని జనం అడుగుతూనే ఉన్నారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన తర్వాత ఆ పట్నానికి కరకట్ట కట్టారు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు అదే పట్నాన్ని చాలావరకు కాచింది. ఆ యేడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం, ఏటూరునాగారం వచ్చి చూశారు. భద్రాచలానికి ముంపు బాధ లేకుండా వెయ్యి కోట్లతో శాశ్వత పరిష్కారం చేస్తామని మాట ఇచ్చారు. కరకట్ట విలువ జనానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అది ఉన్న పట్నాన్నీ లేని పల్లెనూ వాళ్లు ఒకే వరదలో చూశారు.

ఒడ్డు కోసుకుపోతున్న ఇంటివాడికి ప్రభుత్వం ఏం ఇస్తుంది? ఇక్కడ లెక్కల్లోకి దిగక తప్పదు, ఎందుకంటే ఈ గాథలో కత్తి వేటు పడిన చోటు ఇదే.

రాష్ట్ర విపత్తు నిధి నుంచి సాయం ఇవ్వడానికి కేంద్రం రాసిపెట్టిన పట్టిక ఒకటి ఉంది. 2022 నుంచి 2026 దాకా కాలానికి రాసిన పట్టిక ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500. కచ్చా ఇల్లయితే 4,000. గుడిసె పోతే 8,000. ఇంటిని ఆనుకున్న పశువుల కొట్టం పోతే 3,000. బట్టలకు 2,500, వంటపాత్రలకు 2,500. ప్రాణం పోతే 4 లక్షలు. వీటన్నిటికీ ఒక షరతు ఉంది. ముందు ఆ ఆపద పేరు జాబితాలో ఉండాలి. తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, హిమపాతం, మేఘ విస్ఫోటం, చీడపీడలు, చలిగాలులు అని ఆ జాబితాలో పన్నెండు ఉన్నాయి. ఒడ్డు కోత అందులో లేదు. రాష్ట్రం కావాలనుకుంటే తన నిధిలో పది శాతం వరకు స్థానిక ఆపదలకు వాడుకోవచ్చు, కానీ ఆపదకు పేరు పెట్టి ఆదేశం ఇవ్వాలి. అంటే వరద రాత్రి గోడ కూలితే అది నష్టం. వరద తీసిన మూడో వారంలో, ఎండలో, నేల విరిగి గోడ కూలితే దాన్ని ఏ గడిలో రాయాలో సర్వేకు వచ్చిన మనిషికి తెలియదు.

ఇక నేల సంగతి. ఏరు దారి మార్చి భూమిని మింగితే హెక్టారుకు 47,000 రూపాయలని అదే పట్టికలో ఉంది. సన్నకారు, చిన్నకారు రైతుకే, అదీ రెవెన్యూ రికార్డులో అతని పేరు ఉంటేనే. గజాల్లోకి మార్చి చూస్తే గజానికి నాలుగు రూపాయలు కూడా పడదు. అది సాగుభూమి మాట. ఇంటి జాగ ఏట్లో కలిస్తే దానికి విడిగా గడే లేదు. గోడకు ధర ఉంది, చెంబుకు ధర ఉంది, గోడా చెంబూ నిలబడిన నేలకు లేదు. ఈ పట్టిక రాసినవాళ్లు కఠినులని నేను అనను. ఇల్లు పోయినా జాగ మిగులుతుందని, మళ్లీ అక్కడే కట్టుకుంటాడని అనుకుని రాశారు. ఏటి ఒడ్డున బతికినవాణ్ణి ఒక్కణ్ణి అడిగి ఉంటే అలా రాయరు.

ఆ ఇంటివాడు తర్వాత ఎక్కడికి పోవాలి? తెలంగాణలో 2024 మార్చిలో భద్రాచలంలోనే ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. 5 లక్షల సాయం, నాలుగు విడతలు. పునాది లేచాక లక్ష, గోడలయ్యాక లక్షా పాతిక, స్లాబు పడ్డాక లక్షా డెబ్బయ్యయిదు, అంతా అయ్యాక మిగిలిన లక్ష. మంచి పథకం. అయితే పథకం తొలి దశ సొంత జాగ ఉన్నవాళ్లకు. జాగ లేనివాళ్లు రెండో జాబితాలో. నిన్నటిదాకా సొంత జాగ ఉండి, ఆ జాగ ఇవాళ ఏటి నడుమ ఉన్నవాడు ఏ జాబితాలో ఉంటాడు? దరఖాస్తులో ఆ ప్రశ్నే లేదు. జాగ ఉందా, లేదా అని మాత్రమే ఉంటుంది.

ఏజెన్సీలో ఇంకో ముడి ఉంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం కాపలా కాస్తోంది. అది లేకపోయి ఉంటే ఈ అడవి పల్లెల్లో ఆదివాసీకి అంగుళం కూడా మిగిలేది కాదు. ఆ చట్టం ఉండాలి. దాని నీడలోనే తరాలుగా ఉంటున్న పేద గిరిజనేతరుడి ఇంటికి మాత్రం కాగితం ఉండదు. కాగితం లేని ఇల్లు ఏట్లో పడితే అది రికార్డు ప్రకారం ఎన్నడూ లేని ఇల్లే. అలాగని ఆదివాసీకి సులువుగా దొరుకుతుందా అంటే అదీ లేదు. ఏటూరునాగారం వైపు ఎత్తయిన నేల అంటే అడవి నేలే. 2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ సిఫారసు మీద ఒక హెక్టారు దాకా అటవీ భూమిని ఊరి అవసరాలకు ఇవ్వొచ్చు. బడికి, అంగన్‌వాడీకి, రేషన్ దుకాణానికి, మంచినీళ్లకు, రోడ్డుకు, అలా పదమూడు అవసరాలు రాసి ఉన్నాయి. వరదకు ఇల్లు పోయినవాడికి ఇంటి జాగ ఆ పదమూడింట్లో లేదు. పల్లానికి వాగు, ఎత్తుకు అడవి శాఖ. కొండాయి లాంటి ఊళ్లు ఈ రెంటి నడుమ సన్నటి నేల మీద నిలబడి ఉన్నాయి.

పంచాయతీ ఏం చేస్తోందని అడగాలి కదా. ఇంటికి అన్నిటికంటే దగ్గరున్న ప్రభుత్వం అదే. 2005 విపత్తు నిర్వహణ చట్టం 41వ సెక్షన్ సహాయం, పునరావాసం, పునర్నిర్మాణం పనుల్లో స్థానిక సంస్థలకు బాధ్యత పెట్టింది. బాధ్యతతో పాటు ఇవ్వాల్సిన డబ్బూ మనుషులూ మాత్రం అందలేదు. 2020 సెప్టెంబరులో రాష్ట్రంలో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు. ఎవరి ఇల్లు ఎక్కడుందో, ఏ సర్వే నంబరు ఏట్లోకి జరిగిందో నోటి మీద చెప్పగల మనిషి ఊరి నుంచి పోయాడు. గ్రామ పాలన అధికారులను మళ్లీ నియమించింది 2025 సెప్టెంబరులో. ఆ అయిదేళ్ల నడుమే 2022 వరద వచ్చింది, 2023 వరద వచ్చింది, 2024 వరద వచ్చింది.

2024 సంగతి మరీ బాధాకరం. ఆ యేడు ఫిబ్రవరి మొదట్లోనే సర్పంచుల గడువు తీరింది. ఎన్నికలు పెట్టలేదు. ఒక్కో అధికారికి కొన్ని ఊళ్లు అప్పగించి ప్రత్యేకాధికారుల పాలన తెచ్చారు. ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్రం ఆర్థిక సంఘం నిధులూ ఆపేసింది. ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. మరిపెడ మండలంలో ఆకేరు ఒడ్డు తండాల్లో జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గట్టెక్కారు. అర్ధరాత్రి తలుపు తట్టి లేపడానికి ఆ రోజు ఏ తండాకూ సర్పంచ్ లేడు. రెండు రోజుల తర్వాత ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సీతారాం తండాకు వచ్చి, ఒడ్డు తండాలను ఒకచోటికి చేర్చి ఎత్తయిన నేల మీద ఇందిరమ్మ ఇళ్లు కట్టిస్తామన్నారు. ఆ ఆలోచన సరైనదే. ఒడ్డున బతికేవాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నదీ అదే: మునిగిన చోటికే బియ్యం సంచి పంపొద్దు, మునగని చోటు చూపించు.

మంగపేట మండలంలో సర్పంచులు లేకపోవడం ఒక్క యేటి ముచ్చట కాదు. అక్కడి 23 గ్రామాలు ఏజెన్సీలోకి వస్తాయా రావా అన్న వివాదం తరాలుగా కోర్టుల్లో నడిచింది. అవి షెడ్యూల్డ్ ప్రాంతమేనని 2023 జులైలో హైకోర్టు తేల్చింది. కొండాయి మునిగిన నెలే అది. తీర్పు వచ్చినా వివాదం సద్దుమణగలేదు. 2025 డిసెంబరులో రాష్ట్రమంతా పంచాయతీ ఎన్నికలు జరిగితే మంగపేట పల్లెల్లో జరగలేదు. పదేళ్లకు పైగా ఎన్నికైన సర్పంచ్ లేని మండలం, గోదావరి ఒడ్డు కోసుకుంటూ వస్తున్న మండలం, రెండూ ఒకటే. ఒడ్డున ఇల్లున్నవాడు బీట చూసి ఎవరి గుమ్మం తొక్కాలి? కోర్టులో ఎవరు గెలిచినా సరే, ఆదివాసీ అయినా గిరిజనేతరుడైనా, ఆ ఇల్లు నిలబడిన నేల వాయిదాల కోసం ఆగదు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. బెంగాల్లో మాల్దా జిల్లా పంచానందపూర్ వైపు గంగ ఊళ్లకు ఊళ్లనే మింగింది. అస్సాంలో బ్రహ్మపుత్ర నడుమ ఉన్న మజులి దీవి ఏటేటా కరిగిపోతూ, గత శతాబ్దంలో ఉన్నదాంట్లో సగానికి మించి పోగొట్టుకుంది. ఈ రాష్ట్రాలు గోడు వెళ్లబోసుకోగా 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణ పనులకు 1,500 కోట్లు, కోతకు ఇళ్లు పోయినవాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు సిఫారసు చేసింది. దేశం మొత్తానికి కలిపి అంతే. అయినా ఒడ్డు కోతకు పునరావాసం అనేది విడిగా చూడాల్సిన అవసరమని ఢిల్లీ కాగితం మీద ఒప్పుకున్నట్టయింది. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ తీరాన హేజ్‌బరో అనే పల్లెలో సముద్రం కోతకు అంచున మిగిలిన తొమ్మిది ఇళ్లను అక్కడి స్థానిక కౌన్సిల్ కూలకముందే కొనుక్కుంది. ఇంటివాళ్లకు అసలు విలువ అంతా రాలేదు. కానీ గోడ నిలబడి ఉండగానే డబ్బు చేతికొచ్చింది, సామాను సర్దుకుని పగటిపూట బయటికి నడిచారు. కొండాయివాళ్లు నడుములోతు నీళ్లలో నడిచారు.

జంపన్న వాగు మీద దొడ్ల వంతెన పోయాక వచ్చిన వానాకాలాల్లో కొండాయివాళ్లకు పడవే దిక్కయింది. నిండు చూలాలు వాగు దాటాలన్నా, పిల్లలు పరీక్షకు పోవాలన్నా వాగు ఒప్పుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. వరద వచ్చిన ఏడో నెల. మేడారం దగ్గర స్నానఘట్టాల మెట్ల మీద లక్షలాది జనం జంపన్న వాగులో మునిగారు. జాతర ఏర్పాట్లకు ప్రభుత్వం వంద కోట్లకు పైగా ఖర్చు పెట్టింది, పెట్టాల్సిందే. గోవిందరాజు యథాప్రకారం కొండాయి నుంచి కదిలి వచ్చాడు. గద్దె మీద ఆయనకు మొక్కిన జనంలో, ఆయన ఊళ్లో ఏడు నెలల కింద ఎనిమిది మంది పోయారన్న సంగతి ఎందరికి తెలుసో. అదే వాగుకు ఎగువన సిమెంటు మెట్లు ఉన్నాయి. దిగువన చాలా మేర ఒడ్డంటే మట్టే.

సీతక్క 2023 డిసెంబరులో పంచాయతీరాజ్ శాఖ మంత్రి అయ్యారు. హెలికాప్టర్ కోసం వేడుకున్న మనిషి చేతికే ఊళ్ల పాలన వచ్చింది. ఆమెకు ఈ బాధ ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్లారా చూసింది. అందుకే ఆశ పెట్టుకుని రాస్తున్నాను. ఏజెన్సీ గ్రామసభకు 1996 పెసా చట్టం ఇచ్చిన బలం ఉంది. ఆ సభ ప్రతి యేడూ వానాకాలానికి ముందు వాగు ఒడ్డున నడిచి, ఏ ఇంటికి గట్టు ఎన్ని గజాల దూరంలో ఉందో రిజిస్టరులో రాసుకోవాలి. పోయిన యేటి కొలత పక్కన ఈ యేటి కొలత. ఇరవై గజాలు పన్నెండయితే ఆ ఇంటివాడికి ఇల్లు కూలకముందే జాగ చూపించేలా, ఆ రిజిస్టరు కాగితాన్నే సాక్ష్యంగా తీసుకునేలా రాష్ట్రం ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఒడ్డు కోతను స్థానిక ఆపదగా ప్రకటించాలి. ఇందిరమ్మ దరఖాస్తులో, జాగ ఏట్లో పోయిందా అని ఒక్క గడి పెట్టాలి. గంగారం, కొత్తగూడ లాంటి మండలాల్లో పెద్ద నదులు లేవు, వాగులే, కాబట్టి అక్కడ ఈ పని అక్కర్లేదని ఎవరైనా అంటే జంపన్న వాగు కూడా వాగే. ఎండాకాలంలో మోకాలు తడవకుండా దాటొచ్చు.

2025 డిసెంబరులో ఎన్నికలు జరిగిన ఊళ్లకు సర్పంచులు వచ్చారు. ముందర ఉన్నది వానాకాలం. గోదావరి ఒడ్డు పల్లెల్లో బీట ఎక్కడిదాకా వచ్చిందో ఆ ఇళ్లవాళ్లకు తెలుసు. అడిగి రాసుకునే మనిషి గుమ్మం దాకా రావాలి. మంగపేటలో ఆ పని ప్రత్యేకాధికారే చేయాలి, చేయొచ్చు, ఏ కోర్టు కేసూ టేపు పట్టుకుని ఒడ్డు కొలవడానికి అడ్డురాదు.